చెంగం వీరగల్లులు: రాజు కోసం పడ్డారా, మంద కోసం పడ్డారా?

పాలారు గట్టు (చర్చ ప్రారంభించినవారు)

తమిళనాడులో చెంగం ఊరున్న తిరువణ్ణామలై జిల్లాలోనూ, ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల్లోనూ పొలాల మధ్యా చెరువు కట్టల మీదా కనిపించే నడుగల్ రాళ్ల (పోరాడి పడ్డవాళ్ల గుర్తుగా నాటిన వీరగల్లుల) ఫోటోలు ఈ మధ్య వాట్సాప్‌లో తెగ తిరుగుతున్నాయి. ప్రతి ఫోటో కిందా ఒకటే వాక్యం: దేశం కోసం ప్రాణాలిచ్చిన వీరుల స్మారకాలు. నాకు ఆ వాక్యంతోనే పేచీ. శాసనాలు చదివితే అందులో దేశం ఎక్కడా తగలదు. తగిలేవి ఆవులు, గేదెలు, దొంగలు.

ఉదాహరణకు తిరువణ్ణామలై జిల్లా ఎడుత్తనూరు రాయి చూడండి. పల్లవ మహేంద్రవర్మ 34వ పాలనా సంవత్సరం, అంటే 7వ శతాబ్ది మొదటి భాగం. ఇటుక, కలప, లోహం, సున్నం లేకుండా గుడి చేయించానని మండగప్పట్టు గుహాలయ శాసనంలో గొప్పగా చెప్పుకున్న ఆ మహేంద్రుడే. రాతి మీది మాటల సారాంశం ఇది: వాణకో అరైశర్ మరుమక్కళ్ (బంధువు) పొఱ్ఱొక్కైయార్ దగ్గర సేవకుడైన కరుందేవక్కత్తి తన గేదెల పక్షాన పోరాడి పడ్డాడు, ఇది అతని రాయి. వీరుడి బొమ్మ పక్కనే కుక్క బొమ్మ. దానికి విడిగా మరో వాక్యం: కోవివన్ అనే కుక్క ఇద్దరు దొంగలను కరిచి కాపు కాసిన తీరు ఇది.

ఇందులో మహేంద్రవర్మ చేసిన పని ఏమిటి? ఏ సంవత్సరమో చెప్పడానికి పనికొచ్చాడు, అంతే. గేదెలను కాపాడుకుంటూ చనిపోయిన మనిషిని సామ్రాజ్యపు సైనికుడిగా మార్చడం నాకు నచ్చదు. మీరేమంటారు?

శాసనప్రియ

పేచీ సబబైనదే కానీ రాజును అంత తేలిగ్గా పక్కన పెట్టకండి.

ఈ రాళ్ల మీది రాత ఒక మూసలో నడుస్తుంది. ముందు రాజు పేరు, పాలనా సంవత్సరం. తర్వాత ఆ ప్రాంతాన్ని ఏలే స్థానిక పాలకుడు. తర్వాత అతని బంధువో అధికారో. ఆ తర్వాత చనిపోయినవాడు. చివరికి ఎందుకు చనిపోయాడు, ఇది అతని రాయి అన్న ముక్తాయింపు. మన శుభలేఖలో కులదైవం, తాతలు, తండ్రులు అందరూ అయ్యాక గానీ పెళ్లికొడుకు పేరు రాదు చూడండి, అచ్చం అలాగే.

ఎడుత్తనూరులో వాణకో అరైశర్ అంటే బాణరాజు. బాణులు మనకు కొత్తవాళ్లు కారు. శ్రీకాళహస్తి దగ్గరి గుడిమల్లంలో 9వ శతాబ్దపు తమిళ శాసనాలు ఉన్నాయి. వాటిలోనూ కాలం పల్లవ దంతివర్మదో నందివర్మదో నృపతుంగుడిదో ఉంటుంది, ఏలేది మాత్రం బాణరాజు. ఆ బాణుల రాజ్యాన్ని వడుగవళికి పడమటి సీమ అన్నారు. వడుగవళి అంటే తెలుగు దారి. అంటే చెంగం రాళ్ల మీద కనిపించే రెండంతస్తుల పాలన మన చిత్తూరు సీమలోనూ నడిచింది.

కంచిలోని రాజు ఈ గేదెల గొడవ విన్నాడో లేదో చెప్పలేం. కానీ ఆ గ్రామంలో రాత తెలిసిన మనిషికి కంచి రాజు ఎన్నో ఏట ఉన్నాడో తెలుసు. కంచికి అంత దూరంలో, కొండల మధ్య ఆ లెక్క తెలియడం చిన్న సంగతి కాదు.

వేంకటగిరి రావు

పాలారు గట్టు గారూ, "ఆవులు, గేదెలు, దొంగలు" అని చులకనగా అనకండి. ఆ కాలంలో సంపద అంటే మంద. చెంగం సీమ వరి పండే డెల్టా కాదు. ఒకవైపు జవ్వాది కొండలు, మధ్యలో తెన్‌పెణ్ణై నది, పడమరకు వెళితే మైసూరు పీఠభూమి. మేత మీద బతికే నేల. ఊరి మందను తోలుకుపోతే ఆ ఊరు బతకదు.

పైగా పరాయి మందను తోలుకురావడం యుద్ధానికి తొలి అడుగుగా సాక్షాత్తూ ప్రాచీన తమిళ లక్షణగ్రంథం తొల్కాప్పియమే చెబుతుంది. దానికి వెట్చి అని ఒక పువ్వు పేరు. పోయిన మందను విడిపించుకురావడం కరందై. మనకు మాత్రం ఇది తెలియదా? విరాటపర్వంలో త్రిగర్తుల సుశర్మ దక్షిణ గోగ్రహణం చేశాడు, కౌరవులు ఉత్తర గోగ్రహణానికి వచ్చారు. అర్జునుడు అజ్ఞాతం ముగించి గాండీవం ఎత్తింది ఆవుల కోసమే. అంతదూరం ఎందుకు, మా నెల్లూరు సీమలో ఖడ్గతిక్కన కాటమరాజు మీద పోరాడి పడింది పుల్లరి తగాదాలో. మేపిన పశువులకు పన్ను కట్టే విషయం అది. ఆయన్ని పశువుల తగాదాలో పోయిన మనిషి అంటామా?

పాలారు గట్టు

రావు గారూ, నేను చులకన చేయలేదు, తిరగేసి చూడండి. గేదెల కోసం చావడమే పెద్ద విషయం అంటున్నాను. దానికి దేశభక్తి రంగు పూయడం దేనికని నా ప్రశ్న.

ఇంకో మాట. తొల్కాప్పియం తెచ్చారు గనక అడుగుతున్నాను. వ్యాకరణం, కావ్యలక్షణం చెప్పే గ్రంథాన్ని పట్టుకుని ఊరి చివర రాయిని చదవడం ఎంతవరకు న్యాయం? కవి వెట్చి పూలదండ వేసి పాడతాడు. రాతి మీద పూలదండ లేదు. మంద తోలుకొస్తూ పడ్డవాడికీ రాయి ఉంది, మంద విడిపిస్తూ పడ్డవాడికీ రాయి ఉంది. ఒకడు దొంగ, ఒకడు కాపరి అని ఆ రాతలు తీర్పు చెప్పవు. ఏ ఊరి మనిషికి ఆ ఊరు రాయి వేసుకుంది. కవుల కంటే ఊళ్లే నిజాయితీగా ఉన్నాయనిపిస్తుంది.

శాసనప్రియ

కవులను మరీ అంత దూరం పెట్టకండి. సంగం కాలపు తమిళ పాటల సంకలనం పురనానూరు, దాని 264వ పాటలో రాయి పాతే విధానం ఉంది. గులకనేల మీద రాళ్ల గుట్ట పేర్చి, ఎర్రపూల దండ వేసి, నెమలి ఈకలు కట్టి, పేరు చెక్కి రాయి నాటారని చెప్పి, ఈ సంగతి తెలియక పాణులు (పాటగాళ్లు) ఇంకా అతని దగ్గరికి వస్తారేమో అని కవి వాపోతాడు. 335వ పాటలో మాంగుడి కిళార్ ఇంకా ముందుకు వెళ్లి, ఏనుగులను చంపి పడ్డవాడి రాయిని తప్ప వడ్లు చల్లి మొక్కవలసిన దేవుడు వేరే లేడంటాడు. తిరుక్కురళ్ 771లో వీరుడు తన నాయకుడి గురించి శత్రువులకు చెప్పే మాట ఉంది: ఆయన ముందు నిలబడకండి, అలా నిలబడ్డవాళ్లు చాలామంది ఇప్పుడు రాళ్లై నిలబడ్డారు.

ఇవన్నీ గాలిలోంచి పుట్టిన వర్ణనలు కావనడానికి 2006లో గట్టి ఆధారం దొరికింది. తేని జిల్లా పులిమాన్‌కొంబైలో తంజావూరు తమిళ విశ్వవిద్యాలయం వారికి తమిళ బ్రాహ్మీలో (తమిళానికి వాడిన పాత లిపిలో) రాసిన మూడు స్మారక శిలలు కనిపించాయి. బొమ్మ లేదు, రాత ఒక్కటే. ఒకదాని మీద కూడలూరు పశుగ్రహణంలో పడిన తీయన్ అందవన్ పేరు ఉంది. క్రీ.పూ. 3–2 శతాబ్దాలనాటివని ఎక్కువమంది అంటారు, ఇంకా వెనక్కి తీసుకెళ్లేవారూ ఉన్నారు. చెంగం రాళ్లకు ఎన్నో వందల ఏళ్ల ముందే అదే కారణం, అదే పద్ధతి.

తెలుగు తేజం

ఎప్పుడు చూసినా తమిళులవే ప్రాచీనం అని వినడం తప్పదా? నాగార్జునకొండలో 3వ శతాబ్దంలోనే ఇక్ష్వాకుల ఛాయాస్తంభాలు (చనిపోయినవారి స్మారక స్తంభాలు) ఉన్నాయి. ముందు మనవి చూసుకుందాం.

వేంకటగిరి రావు

నాయనా, ఇది పరుగు పందెం కాదు. ఛాయాస్తంభాలు గొప్పవే. వాటి మీద రాణులు వేయించిన రాజు స్మారకం ఉంది, యుద్ధంలో పడ్డ సేనానులవీ ఉన్నాయి. కానీ అవి ప్రాకృతంలో ఉన్నాయి, రాజధానిలో ఉన్నాయి. పేదవాడి గేదెలూ అతని కుక్కా వాటి మీదికి ఎక్కలేదు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నేర్చుకునేది ఉంది, తూకం వేస్తే ఏమీ లేదు.

నిర్వాహకుడు

ఏ భాష పాతది అన్న వాదానికి విడిగా ఒక చర్చ ఉంది, అందులో ఇప్పటికే చాలా పొగ ఉంది. ఇక్కడ రాళ్ల గురించే మాట్లాడండి.

హోసూరు వాసి

నేను ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగువాణ్ణి. మీరందరూ ఈ రాళ్లను చదువుతున్నారు, మా చుట్టుపక్కల జనం వాటికి పూజ చేస్తున్నారు. ధర్మపురి, తిరువణ్ణామలై వైపు ఊళ్లలో నడుగల్‌ను వేడియప్పన్ అంటారు. చిన్న గుడి కట్టి, పసుపు రాసి, బొట్టు పెట్టి, కోడిని కోసి మొక్కు తీర్చుకుంటారు. ఆ రాతి మీద ఎవరి పేరుందో పూజారికి తెలియదు, తెలియాలని కూడా అనుకోడు. దేవుడు గనక దేవుడు.

మాకు ఇంకో రకం రాళ్లు కూడా ఎక్కువ. పులితో పోరాడి చనిపోయినవాళ్లవి, అడవిపందిని పొడుస్తూ చనిపోయినవాళ్లవి. మనిషి ఒకవైపు, ఎగిరిపడుతున్న పులి మరోవైపు, మధ్యలో ఈటె. వీటిలో రాజూ లేడు, శత్రువూ లేడు. పాలారు గట్టు గారి వాదానికి ఇవి బాగా పనికొస్తాయి.

మెల్‌బోర్న్ మల్లిక

నాకు శాసనాలతో పరిచయం తక్కువ, కానీ ఆ కుక్క దగ్గరే ఆగిపోయాను. జంతువులకు ఇలాంటి రాళ్లు ఇంకా ఉన్నాయా? ఆడవాళ్ల సంగతేమిటి? చనిపోయినవాడి భార్యాబిడ్డల గురించి ఏమైనా రాశారా?

శాసనప్రియ

మల్లిక గారూ, జంతువులకు ఉన్నాయి. విళుప్పురం జిల్లా అరసలాపురంలో పందెంకోడికి వేసిన రాయి ఉంది. ముగైయూరు మేల్చేరి కోడి అని చెక్కి, పైన కోడి బొమ్మ వేశారు. ఇందళూరులో మరో కోడికి కూడా రాయి ఉంది, అది కీళ్చేరి కోడి. దానికి పొఱ్కొఱ్ఱి అని పేరు కూడా పెట్టుకున్నారు. మేల్చేరి అంటే పడమటి వాడ, కీళ్చేరి అంటే తూర్పు వాడ. వాడకు వాడ పోటీ పడ్డ పందేలన్నమాట. కోడిపందెంతో పల్నాడే రెండుగా చీలిందని కథలు పాడుకునే మనం వీటిని చూసి నవ్వకూడదు.

ఆడవాళ్ల విషయం. ఈ తొలి రాళ్ల మీద కనిపించేది మామూలుగా మగవాడి బొమ్మే. విల్లు ఎక్కుపెట్టో కత్తి దూసో నిలబడి ఉంటాడు, ఒంట్లో గుచ్చుకున్న బాణాలు కూడా చెక్కుతారు. కాళ్ల దగ్గర ఒక చెంబు లాంటి పాత్ర ఉంటుంది. చనిపోయినవాడికి కల్లు పోయడం పాత ఆచారం. ఔవైయార్ తన ప్రభువు అదియమాన్ నెడుమాన్ అంజి చనిపోయాక పాడిన పాట పురనానూరులో 232వది. దేశాన్నే ఇస్తామన్నా పుచ్చుకోనివాడు, రాయికి నెమలి ఈకలు కట్టి చిన్న గిన్నెలో పోసే కల్లును పుచ్చుకుంటాడా అని అడుగుతుంది. ఆ అదియమాన్ ఏలింది తగడూరు. అంటే నేటి ధర్మపురే.

సతి రాళ్లు ఎక్కువగా కనిపించేది తర్వాతి శతాబ్దాల్లో. అయితే కుటుంబం పూర్తిగా మాయం కాలేదు. చనిపోయినవాడి వాళ్లకు భూమి ఇచ్చినట్టు కొన్ని రాళ్ల మీద ఉంటుంది. దాన్ని తమిళంలో ఉదిరప్పట్టి అంటారు, నెత్తురు మాన్యం అనుకోండి. నా దృష్టిలో ఈ రాళ్లలో అన్నిటికంటే ముఖ్యమైన మాట అదే. బొమ్మ చూడటానికి, మాన్యం తినడానికి. రాయి అక్కడ నిలబడి ఉన్నంతకాలం ఆ భూమి ఎవరిదో ఊరందరికీ తెలుస్తుంది. వీరుడి భార్య దగ్గర రాగిరేకు లేకపోవచ్చు, ఆమెకు అదే దస్తావేజు.

పాలారు గట్టు

ఇది నాకు బాగా నచ్చింది. మెచ్చుకోలు కంటే మాన్యం నమ్మదగింది. వాట్సాప్ వాక్యం కింద ఈ సంగతి ఎవరూ రాయరు.

వేంకటగిరి రావు

మాన్యం దాకా వచ్చాం గనక మా వైపు మల్లాం శాసనం కూడా చెప్పాలి. పాత నెల్లూరు జిల్లాలో గూడూరుకు దగ్గర, సుబ్రహ్మణ్యేశ్వరుడి గుడిలో ఉన్న తమిళ శాసనం. పల్లవ కంపవర్మ 20వ ఏడు. ఒక భక్తుడు తన ఒంటి నుంచి తొమ్మిదిచోట్ల మాంసం కోసి, చివరికి తల నరుక్కుని భటారికి (దేవికి) అర్పించాడు. మామల్లపురం ద్రౌపది రథంలో దేవి కాళ్ల దగ్గర కూర్చుని జుట్టు పట్టుకుని తల కోసుకుంటున్న మనిషి శిల్పం చూసే ఉంటారు, అదే ఆచారం. ఇతనూ వీరుడే కదా? మందా లేదు, శత్రువూ లేడు, పులీ లేదు.

శాసనప్రియ

అది వేరే తెగ అండీ. మొక్కు కోసం చేసిన ఆత్మార్పణ. నడుగల్‌తో కలపకండి. చావు ఒకటే అయినా ఊరు మొక్కే కారణం వేరు.

మొదటి ప్రశ్నకు సూటిగా పనికొచ్చేవి పాలారు లోయలోని ఆంబూరు రాళ్లు. అక్కడి రెండు వీరగల్లుల శాసనాలను శాసన పరిశోధకుడు హుల్ష్ శాసనాల పత్రిక ఎపిగ్రాఫియా ఇండికా నాలుగో సంపుటంలో ప్రచురించాడు. నృపతుంగవర్మ 26వ పాలనా సంవత్సరం, 9వ శతాబ్ది రెండో సగం. నుళంబుడి (నొలంబ రాజు) సేన ఆమైయూరు మీదికి వచ్చి మందను తోలుకుపోయినప్పుడు, గంగ వంశపు పాలకుడు పిరుది గంగరైయర్ కింద పనిచేసే అకళంకత్తువరాయర్ కొడుకు సన్నన్ పోరాడి పడ్డాడు. ఆమైయూరు అంటే ఆంబూరే.

ఇక్కడ ఇద్దరు దొంగలు కారు, నుళంబుడి సేన. అంటే పొరుగు రాజ్యం వాళ్లు సైన్యంతో వచ్చి చేసిన పని కూడా మంద తోలుకుపోవడమే. "రాజు కోసమా, మంద కోసమా" అన్న విభజన ఆంబూరులో నిలబడదు. నుళంబుడి మనుషులు ఏటా పాలారు లోయలోకి దిగి పశువులను తోలుకుపోతే గంగుడి పరపతి పోతుంది, ఊళ్లు పన్ను కట్టలేవు, ఆ పైన కంచికి కూడా నష్టమే. మనకు వైదుంబులనే స్థానిక పాలకుల కాలపు రాళ్లు ఉన్నాయి చూడండి, అనంతపురం, చిత్తూరు సరిహద్దుల్లో గండత్రిణేత్ర వైదుంబ మహారాజు పేరుతో. సోరెమడి యుద్ధంలో పడ్డవాళ్లవి. అక్కడా నొలంబులు, బాణులు ఉన్నారు. అదే కాలం, అదే జనం, భాష తెలుగు.

పాలారు గట్టు

ఆంబూరు రాయి బలమైన సాక్ష్యమే. అయినా అందులో కూడా నృపతుంగుడు సన్నన్‌ను పంపినట్టు లేదు. సేన వచ్చింది ఊరి మీదికి, పడ్డది ఊరిని కాపు కాసే నాయకుడి కొడుకు. రాజ్యాల మధ్య తగువు కావచ్చు, చచ్చింది మాత్రం ఇంటి ముందు. ఎడుత్తనూరుకీ ఆంబూరుకీ మధ్య రెండున్నర శతాబ్దాలు గడిచాయి. దొంగల స్థానంలో సేన వచ్చింది. దోపిడీ పెద్దదైంది, కాపు కాసేవాడి పని మారలేదు.

చోళులు బలపడ్డాక ఆ సీమలో ఇలాంటి రాళ్లు తగ్గిపోతాయి కదా, దానికి కారణం ఏమనుకుంటున్నారు?

శాసనప్రియ

10వ శతాబ్దం తర్వాత తగ్గుతాయి, నిజమే. బాణులు, గంగులు, నొలంబుల లాంటి సరిహద్దు పాలకులు చోళుల కింద అణిగిపోయారు. ఒకరి మంద మీద ఒకరు పడే తీరు కూడా తగ్గి ఉంటుంది. శాసనాలు గుడి గోడల మీదికి చేరాయి, దీపానికి ఇచ్చిన గొర్రెల లెక్కలతో నిండిపోయాయి. తొంభై గొర్రెలిస్తే ఒక అఖండ దీపం. పశువులు శాసనాల్లోంచి పోలేదు, కొట్లాట పోయింది.

మెల్‌బోర్న్ మల్లిక

ఈ రాళ్ల మీది లిపి నాకు అసలు తమిళంలా కనిపించడం లేదు. మా అమ్మమ్మది వేలూరు, తమిళం ధారాళంగా చదువుతుంది. ఫోటో పంపితే ఒక్క అక్షరం పోల్చలేదు.

శాసనప్రియ

పోల్చలేరు. చెంగం రాళ్లలో పాతవి వట్టెళుత్తు. తమిళ బ్రాహ్మీ నుంచి గుండ్రంగా సాగిన లిపి. కంచి చుట్టుపక్కల పల్లవులు గ్రంథ లిపి, తమిళ లిపి వాడుతుంటే ఈ కొండసీమ వట్టెళుత్తులోనే రాసుకుంది. రాజు పేరు కూడా తమ నోటికి తగ్గట్టు మార్చుకున్నారు. మహేంద్రవర్మ అక్కడ మయిందిర పరుమర్, సింహవిష్ణువు సింగవిణ్ణ పరుమర్. 1970ల మొదట్లో తమిళనాడు పురావస్తు శాఖ ఆర్. నాగస్వామి ఆధ్వర్యంలో చెంగం రాళ్లను వెతికి పుస్తకంగా తెచ్చింది. మొదలుపెట్టడానికి అదే మంచి దారి. రాళ్లనే చూడాలంటే ధర్మపురిలో ఆ శాఖ ప్రదర్శనశాలకు వెళ్లండి.

హోసూరు వాసి

ప్రదర్శనశాల మాట ఎత్తారు గనక ఒక మాట. మా దగ్గర వేడియప్పన్‌ను తీసుకెళతామంటే ఊరు ఒప్పుకోదు, ఒప్పుకోవాల్సిన పనీ లేదు. పూజలో ఉన్న రాయికి కనీసం నీడ ఉంటుంది, పొలంలో బోర్లా పడ్డ రాయి మీద బట్టలు ఉతుకుతారు. కానీ నూనె, పసుపు పేరుకుపోయి అక్షరాలు కనబడవు. మొన్న ఎవరో కుర్రవాళ్లు వచ్చి అక్షరాలు తేలాలని సుద్దతో గీతలు గీసి ఫోటో తీసుకుని పోయారు. వాళ్లు గీసిందే ఇప్పుడు అందరూ చదువుతున్నారు.

వేంకటగిరి రావు

సుద్ద ముట్టుకోకూడదు. పిండి, నూనె కూడా వద్దు. కనబడని గీతను మనమే పుట్టిస్తాం. పొద్దున్నే గానీ సాయంత్రం గానీ ఎండ పక్క నుంచి పడేటప్పుడు ఫోటో తీయండి, నీడ పడి అక్షరం లేస్తుంది. గుడి లోపల చీకటిగా ఉంటే టార్చిని రాతికి ఆనించినంత పక్కగా పట్టుకుని నాలుగు వైపుల నుంచీ విడివిడిగా తీయాలి. ఎస్టాంపేజీ (కాగితం మీద రాతి అచ్చు) తీయడం తెలిసినవాళ్లకే వదిలేయండి. తడికాగితం పరిచి, కుంచెతో కొట్టి, సిరా అద్దే పని చూడటానికి తేలికే, రాయి పెచ్చులూడేదైతే పొర ఊడొస్తుంది.

హోసూరు వాసి

అలాగే చేస్తాను మాస్టారూ. మా పక్క ఊరి వేడియప్పన్ రాతికి పైన మూడు వరసలు రాత ఉంది, మధ్యలో విల్లు పట్టుకున్న మనిషి, ఎడమ కాలి దగ్గర ఏదో చిన్న జంతువు. పూజారిని అడిగితే మేకపిల్ల అన్నాడు. నాకైతే తోక పైకి తిరిగి ఉన్నట్టు కనిపిస్తోంది. ఆదివారం పొద్దున అభిషేకానికి ముందు రాతిని కడుగుతారు, అప్పుడు ఫోటో తీసి ఇక్కడ పెడతాను.

పాలారు గట్టు

తోక దగ్గరగా ఒకటి, రాత మొదటి వరస దగ్గరగా ఒకటి తీయండి. మొదటి వరసలో రాజు పేరు దొరికితే కాలం తేలుతుంది. ఆ జంతువు దగ్గర ఏమైనా అక్షరాలున్నాయేమో కూడా చూడండి, ఎడుత్తనూరులో కుక్క సంగతి విడిగా చెక్కారు.